ఇంటి సర్వర్‌లో 16 టీబీ డిస్కులు: మూడేళ్లు వాడాక

మా ఇంటి సర్వర్‌లో 16 టీబీ హార్డ్ డిస్కులు రెండు మూడేళ్లకు పైగా రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. డేటా సెంటర్ల కోసం చేసిన రకం. నిమిషానికి 7200 చుట్లు, లోపల గాలికి బదులు హీలియం, ఐదేళ్ల వారంటీ. ఫోటోలు, పెళ్లి వీడియోలు, సినిమాలు అన్నీ వాటి మీదే. ఇంతవరకూ ఒక్క సెక్టారూ పాడవలేదు. గొడవల్లా చప్పుడుతోనే.

ఏ పనీ లేకపోయినా ఐదు సెకన్లకోసారి టక్‌మంటాయి. డిస్కు పోతోందేమోనని మొదట్లో టెన్షన్ పడ్డాను గానీ డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రిపోర్టు శుభ్రంగా ఉంది. డేటాను చదివి రాసే హెడ్ ఎప్పుడూ ఒకేచోట ఉండి అక్కడే అరగకుండా ఈ తరహా డిస్కులు దాన్ని కావాలనే కదుపుతుంటాయట. చెక్క అల్మారాలో పెడితే అల్మారా మొత్తం మోగేది. కింద రబ్బరు ముక్కలు వేశాక చాలా తగ్గింది. అయినా పడకగదిలో మాత్రం పెట్టలేం. మావి ఇప్పుడు స్టోర్ రూమ్‌లో బియ్యం డబ్బాల పక్కన ఉన్నాయి.

విజయవాడ ఎండల సంగతి తెలిసిందే. మే నెలలో తలుపేసి ఉంచితే డిస్కు వేడి 50 డిగ్రీలు దాటేది. కంపెనీ చెప్పే హద్దు 60. ఎదురుగా ఒక పెద్ద ఫ్యాన్ బిగించాక నిమ్మళించింది. కరెంటు మాత్రం అనుకున్నంత తినవు. ఖాళీగా తిరిగేటప్పుడు ఒక్కోదానికి ఐదు వాట్ల చిల్లర, అంతే. అదే జాగా కోసం 4 టీబీవి నాలుగేసి పెట్టుకుంటే బిల్లు ఇంతకంటే ఎక్కువే వస్తుంది.

అసలు ఆలోచించాల్సింది వేరే ఉంది. జాగా పెరిగినంతగా వేగం పెరగలేదు. లోపల తిరిగే పళ్లెం అంచు దగ్గర సెకనుకు 250 ఎంబీ వచ్చినా లోపలికి వెళ్లేకొద్దీ సగానికి పడిపోతుంది. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంచి, ఒకటి పోతే నిండా ఉన్న రెండోదాన్ని కొత్తదాని మీదికి ఎక్కించాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది, ఆ రోజంతా ఆ ఒక్కటే దిక్కు. యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. నాలుగు డిస్కుల మీద డేటాను పంచి, ఒకటి పోయినా నిలిచేలా చేసే రెయిడ్ 5 కన్నా, రెండింటి మీదా ఒకే డేటా రాసే మిర్రర్ చేయడమే ఇంటికి మేలని నా అభిప్రాయం. అదీ బ్యాకప్ కాదు. ఒకచోట చెరిపితే రెండుచోట్లా పోతుంది. అందుకే ఫోటోల కాపీ ఒకటి అన్నయ్య వాళ్లింట్లో ఉంచాను.

కొనేముందు డిస్కు మీద డేటా రాసే పద్ధతి సీఎంఆరా, ఎస్ఎంఆరా చూసుకోండి. సీఎంఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే వలయాలు, పక్కపక్కనే విడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, తిరగరాయడం నరకం. వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరుసలో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద రచ్చయింది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని విడిగా పేరు పెట్టారు.

మీ డేటా 4 టీబీ కూడా లేకపోతే ఇవి దండగ, తిరిగే భాగాలే లేని, చప్పుడు లేని ఎస్ఎస్‌డీ తీసుకోండి. నేనైతే వారంటీ అయ్యాక మళ్లీ ఇవే కొంటాను, ఒకే బ్యాచ్‌వి రాకుండా వేర్వేరు దుకాణాల్లో.