ఘాట్ రోడ్డు మీద తొమ్మిదేళ్లు: నా చిన్న పెట్రోల్ కారు

తొమ్మిదేళ్లుగా ఇదే కారు నడుపుతున్నాను. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) లేదు, ఐదు గేర్ల మాన్యువల్. నా ఉద్యోగం కొండ మీద, ఇల్లు కింద. వారానికి రెండుసార్లైనా ఘాట్ ఎక్కి దిగాల్సిందే. కొనేటప్పుడు తెలిసినవాళ్లందరూ "ఇంత చిన్న ఇంజిన్ కొండెక్కుతుందా?" అనే అడిగారు. దిగడం గురించి ఒక్కరూ అడగలేదు. నన్ను భయపెట్టిందీ, నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆ దిగడమే.

ముందు ఎక్కడం సంగతి చెప్తాను. నలుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను ఉన్నా ఎక్కుతుంది. కాకపోతే గేర్ మార్చడానికి బద్ధకించకూడదు. 2000 ఆర్‌పీఎం కిందికి పడితే లాగదు, రెండో గేర్‌లో 3000 దగ్గర ఉంచితే హాయిగా పోతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ దాదాపు 10 శాతం శక్తి తగ్గుతుంది. బాగా నిటారుగా ఉన్నచోట ఏసీ కట్టేస్తాను.

హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు బయటి అంచుకంటే నిటారుగా ఉంటుంది. అదే ఎత్తును తక్కువ దూరంలో ఎక్కాలి మరి. కొత్తలో నేను లోపలి అంచుకు ఆనుకుని తిప్పేదాన్ని. ఈ కారుకు పవర్ వెళ్లేది ముందు చక్రాలకే. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి, లోపలివైపు ముందు చక్రం తేలికైపోయేది. అది గిరగిరా తిరుగుతూ కంకర చిమ్మేది, కారు మాత్రం కదిలేది కాదు. ఇప్పుడు మలుపు రాకముందే ఫస్ట్ గేర్ వేస్తాను. తలెత్తి పై రోడ్డు చూసుకుంటాను, దిగే బండ్లు చాలావరకు అక్కడే కనబడతాయి. ఏమీ రావడం లేదని తేలాకే వెడల్పుగా తిప్పుతాను. పెద్ద బండ్లు ఒకసారి రివర్స్ చేసుకుంటే గానీ తిరగని మలుపులో ఇది ఒక్క ఊపున తిరుగుతుంది. టర్నింగ్ రేడియస్ 4.8 మీటర్లే. ఇరుకు ఘాట్ మీద దీన్ని మించిన సుఖం లేదు.

ఇక దిగడం. మొదటి ఏడాది ఒకరోజు మూడో గేర్‌లో, బ్రేక్ మీద నుంచి కాలు తీయకుండా దిగుతున్నాను. సగం దూరం వచ్చేసరికి ఏదో కాలుతున్న వాసన. తర్వాతి మలుపులో నొక్కితే పెడల్ మెత్తగా, తడి స్పాంజిలా లోపలికి పోయింది. చెమటలు పట్టాయి. సెకండ్‌కు, ఆ వెంటనే ఫస్ట్‌కు దించితే ఇంజిన్ గట్టిగా అరిచి బండిని పట్టుకుంది. హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపాను. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. నీళ్లు పోద్దామనిపించింది గానీ, కాలిన డిస్క్ మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు. అరగంట పైనే ఆగి, ఫస్ట్ గేర్‌లోనే కిందికి చేరాను.

కారు అప్పటికే వేరేవాళ్లు మూడేళ్లు వాడినది. సర్వీసు కాగితంలో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు టిక్కు ఉంది, తీసి చూస్తే నల్లటి పాత ఆయిల్. ఆ టిక్కు పెట్టిన చేతి మీద నాకు ఇప్పటికీ కోపమే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు చేరి, మనం నొక్కే బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది. ఇప్పుడు రెండేళ్లకోసారి నా కళ్లెదుటే మార్పిస్తాను.

అప్పటినుంచి ఏ గేర్‌లో ఎక్కానో అదే గేర్‌లో దిగుతున్నాను. బ్రేక్ అవసరమైనచోట గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేస్తాను. పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో దించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ ఇంజెక్షన్ ఇంజిన్లు పెట్రోల్ కట్ చేసుకుంటాయి, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కు తాగుతూనే ఉంటాయి. ఇంజిన్ ఆపేస్తే ఇంకా ప్రమాదం: రెండు మూడుసార్లు నొక్కేసరికి బ్రేక్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వెనక సీట్లో అమ్మకు ప్రతిసారీ వాంతులయ్యేవి. రెండో గేర్‌లో దింపడం మొదలుపెట్టాక ఆమె నిద్రపోతోంది.

లోపాలూ ఉన్నాయి. ఎక్కుడులో బ్రేక్ వదిలాక బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేదు. ఎదురుగా బస్సు వచ్చి ఎక్కుడులో ఆగితే, హ్యాండ్‌బ్రేక్ లాగి, క్లచ్ కొంచెం వదిలి, ముందు భాగం కాస్త లేచినట్టు అనిపించాకే హ్యాండ్‌బ్రేక్ దించాలి. ఇది చేతికి అలవాటయ్యేలోపు హాఫ్ క్లచ్‌లో నిలబెట్టి నిలబెట్టి మొదటి క్లచ్ ప్లేటు కాల్చేశాను. హెడ్‌లైట్లు రాత్రి హెయిర్‌పిన్‌లో నేరుగా లోయలోకి వెలుగుతాయి, తిరగాల్సిన రోడ్డు చీకట్లోనే ఉంటుంది. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లటి గోడ, లోబీమ్‌తోనే పోవాలి.

కారు మారిస్తే హిల్ హోల్డ్ ఉన్నది తీసుకుంటాను. సైజు మాత్రం ఇదే.