పోస్టాఫీసులో అడ్రసు మార్పు అర్జీ: ఏడాది దాటాక నా అనుభవం

ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో అర్జీ ఇస్తే ఉత్తరాలు కొత్త అడ్రసుకు వస్తాయా అని చాలామంది అడుగుతున్నారు. వస్తాయి, పాత ఏరియా పోస్ట్‌మ్యాన్ మారనంత వరకు. మేం మహబూబ్‌నగర్ వైపు ఒక పట్టణంలో ఏళ్ల తరబడి కిరాయికి ఉండి, బదిలీ మీద నల్లగొండకు వచ్చాం. వచ్చి ఏడాది దాటింది. ఈ సర్వీసు మంచీ చూశాను, చెడూ చూశాను.

అర్జీ ఇవ్వడం మాత్రం చాలా తేలిక. తెల్ల కాయితం మీద పాత అడ్రసు, కొత్త అడ్రసు, ఇంట్లో ఎవరెవరి పేర్ల మీద టపా వస్తుందో రాసి, సంతకం పెట్టి, ఆధార్ జిరాక్సు జతచేసి ఇచ్చాను. పైసా అడగలేదు. నా దగ్గరుండే కాపీ మీద తారీఖు ముద్ర కూడా వేయించుకున్నా. ఈ అర్జీ ఎల్లకాలం చెల్లదు, గడువు తీరగానే మళ్లీ రాసివ్వాలి. అదీ రాసిచ్చాను.

మొదట్లో చక్కగా నడిచింది. అక్కడి పోస్ట్‌మ్యాన్ అన్న మాకు బాగా తెలిసినవాడు. పాత అడ్రసు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఖాళీలో మా కొత్త ఇంటి నంబరు, వీధి, 508001 ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపేవాడు. ప్రీమియం నోటీసులు, మా నాయన చందా కట్టిన మాసపత్రిక, చుట్టాల కార్డులు అన్నీ అందాయి. కాస్త ఆలస్యంగా వచ్చేవి, దానికి ఎవరినీ అనలేం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చినప్పటి నుంచి ఉత్తరం దారి చూపించేది ఆ ఆరు అంకెలే. కవరు మీద 509తో మొదలయ్యే పిన్ ఉంటే అది పాలమూరు వైపే పోతుంది. పాత పోస్టాఫీసు దాకా వెళ్లి, అక్కడ మనిషి చూసి రాస్తేనే 508 వైపు తిరుగుతుంది. మధ్యలో ఎక్కడా మళ్లదు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేట, భువనగిరి వేరే జిల్లాలైనా వాటి పిన్ 508తోనే మొదలవుతుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌కు ఇప్పటికీ 509 పిన్లే. అందుకే కవరు మీద పాత జిల్లా పేరున్నా ఉత్తరం చేరిపోతుంది. ఇల్లు మారితే మాత్రం ఆ అంకెలు మనకు సాయం చేయవు.

ఆ అన్న వేరే బీటుకు, అంటే ఉత్తరాలు పంచే వేరే వీధులకు, పోయాక మొదలైంది మా తిప్పలు. పొద్దున సంచులు విప్పి బీట్ల వారీగా ఉత్తరాలు సర్దేటప్పుడు, ఫలానావాళ్లు ఇల్లు ఖాళీ చేశారని గుర్తున్నవాడు పక్కకు తీస్తాడు. కొత్తగా వచ్చినాయనకు మేమెవరమో తెలియదు. మా అర్జీ ఫైల్లో భద్రంగా ఉంది, ఉత్తరాలు పాత ఇంటి గేటు సందులోంచి లోపల పడుతున్నాయి. కొన్నాళ్లకు ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది: "బాబూ, నీ కాయితాలు ఈడ కుప్ప వడ్డయి, వానకు తడుస్తున్నయి, వచ్చి తీస్కపో." వెళ్లి చూస్తే అందులో మా మేనమామ కొడుకు పెళ్లి శుభలేఖ. నాలుగు మూలలా పెట్టిన పసుపు తడికి కరిగి, వధూవరుల పేర్ల దాకా పచ్చగా పాకింది. అప్పటికే పెళ్లయిపోయింది. "కార్డు పంపినం గద బావా, వాట్సాప్‌ల వెడితె మర్యాద గాదని" అంటాడు మావాడు. ఇప్పటికీ మేం కావాలనే రాలేదని వాళ్లింట్లో ఒక గుసగుస.

సాదా ఉత్తరం పోతే అడగడానికి ఆధారం ఉండదు. నంబరు ఉండదు, ఆన్‌లైన్ ఫిర్యాదులో ట్రాకింగ్ నంబరు వేయాల్సిన గడి దగ్గరే ఆగిపోతాం. స్పీడ్ పోస్టుకు నంబరు ఉంటుంది కదా అనుకున్నా. బ్యాంకు పంపిన చెక్‌బుక్ వెనక్కి పోయింది. ట్రాకింగ్‌లో చూపించిన కారణం: చిరునామాదారు ఎలాంటి సూచనలు ఇవ్వకుండా ఇల్లు వదిలి వెళ్లారు. ముద్ర వేసిన అర్జీ కాపీ నా చేతిలో ఉండగా ఆ లైను చదివితే ఒళ్లు మండింది. 1800 266 6868కు ఫోన్ చేశాను, ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టి కాపీ జతచేశాను. "బట్వాడాకు ప్రయత్నించాం, పంపినవారికి తిరిగి పంపాం" అని రెండు ముక్కలు రాసి ఫిర్యాదు మూసేశారు. అర్జీ ఏమైందన్నదానికి జవాబే లేదు. 1898 నాటి పాత చట్టం పోయి 2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అందులోనూ నిబంధనల్లో చెప్పిన మేరకు తప్ప సంస్థకు బాధ్యత లేదనే ఉంది. ఇక నష్టపరిహారం ఊసెందుకు?

నకిరేకల్ దగ్గర మా ఊళ్లో అయితే బ్రాంచి పోస్టాఫీసు ఆయనే ఫోన్ చేసి "కవరు వచ్చింది, ఎప్పుడొస్తవ్ బిడ్డా" అంటాడు. పట్నంలో అది ఆశించలేం, తెలుసు. కానీ బీటు మారేటప్పుడు పాత పోస్ట్‌మ్యాన్ కొత్తాయనకు ఒక లిస్టు ఇచ్చి పోవడం అంత కష్టమా?

ఇంకో సంగతి. ముఖ్యమైన కవర్లకు ఈ అర్జీని అసలు నమ్ముకోవద్దు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇచ్చిన అడ్రసులో, ఆ మనిషి చేతికే ఇస్తారు. మా బ్యాంకు ఏటీఎం కార్డు కవరు మీద వేరే చోటికి మళ్లించవద్దని అచ్చేసి ఉంటుంది. కోర్టు, లాయరు నోటీసులతో ఇంకా టెన్షన్. సరైన అడ్రసుకు రిజిస్టరు చేసి పంపితే అందినట్టే భావించాలని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అందలేదని చూపించుకోవాల్సింది మనమే. ఆ ముద్ర ఉన్న కాపీని జాగ్రత్తగా దాచుకోమనేది అందుకే. ఇల్లు మారగానే ఆధార్‌లో అడ్రసు ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు, ఓటుకు ఫారం 8 పెట్టాలి, బ్యాంకులోనూ బీమాలోనూ విడివిడిగా మార్పించాలి. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా దానంతటదే మారదు.

ఐదు మార్కులకు నేనిచ్చేది రెండు. ఆ రెండూ ఎర్ర పెన్ను అన్నకే. అయినా ఈసారి గడువు తీరితే మళ్లీ అర్జీ రాసిస్తా, ఎందుకంటే మా నాయన మాసపత్రిక వాళ్లు ఎన్నిసార్లు చెప్పినా ఇంకా పాత అడ్రసుకే పంపుతున్నారు.