పది రూపాయల ఆర్టీఐ, మా మున్సిపల్ ఆఫీసు: అయిదుకి మూడు స్టార్లు

మా వీధి సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే పెచ్చులు లేచింది, అందుకని 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు కాపీలు అడుగుతూ దరఖాస్తు పెట్టాను. ఫీజు పది రూపాయలు. మండల ఆఫీసులో అయితే అయిదే, పంచాయతీలో అదీ లేదు. ఇన్‌వర్డ్‌లో కూర్చున్నాయన కాగితం అటూ ఇటూ తిప్పి "ఎందుకు సార్ ఇవన్నీ మీకు?" అన్నాడు. కారణం చెప్పక్కర్లేదని చట్టంలోనే ఉందండీ అంటే మొహం ముడుచుకుని, స్టాంపు మాత్రం నా కాపీ మీద గట్టిగానే కొట్టాడు. ఆ స్టాంపు లేకుండా బయటికి రాకండి, తర్వాత అదొక్కటే దిక్కు.

ముప్పై రోజులు గడిచాయి, ఉలుకూ లేదు పలుకూ లేదు. మొదటి అప్పీలు పడేశాక, వారంలో ఫోన్ చేసి మరీ పిలిచారు! పేజీకి రెండు రూపాయలు కట్టమన్నారు కానీ గడువు దాటితే కాపీలు ఉచితమని చట్టంలోని సెక్షన్ 7(6) చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు.

ఎం-బుక్‌లో రోడ్డు మందం ఆరంగుళాలని రాసుంది, మా గేటు ముందు విరిగిన పెచ్చు స్కేలుతో కొలిస్తే నాలుగు కూడా లేదు.

ఒక్క మాట, "రోడ్డు ఎందుకు పాడైంది" అని ప్రశ్నలు వేయకండి, తప్పించుకుంటారు. ఫలానా రికార్డు కాపీ కావాలనే రాయండి.