మారథాన్ చూడాలంటే మిట్ట ఎక్కాల్సిందే: పారిస్‌లో మూడు రోజులు

ఒలింపిక్స్ చూడ్డానికి వెళ్తున్నానంటే అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "టికెట్ ఎంతైంది?" సున్నా అంటే ఎవరూ నమ్మలేదు. మారథాన్ రోడ్డు మీద జరిగే పందెం. చివరి గీత దగ్గర స్టాండ్లకు టికెట్ ఉంటుంది కానీ మిగతా 42 కిలోమీటర్లు ఎవరైనా వచ్చి నిలబడొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే మా బావ ఏడాది ముందునుంచే పిలుస్తున్నాడు. నేను కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తే ఆదివారం బాపతు రన్నర్‌ని. మగవాళ్ల మారథాన్ 2024 ఆగస్టు 10, శనివారం ఉదయం 8 గంటలకు. అది చూసుకుని సెలవు పెట్టేశాను.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కు నేరుగా రైలుంది, నాలుగు గంటల ప్రయాణం. దిగేది గార్ ద లెస్ట్ స్టేషన్‌లో. బస ఎక్కడ అన్న దాని మీద బావకీ నాకూ పెద్ద చర్చే నడిచింది. పాత రాజభవనం ఉన్న శివారు ఊరు వెర్సాయ్ పందెం దారిలోనే ఉంది, అక్కడుంటే పందెం గుమ్మం ముందుకే వస్తుందని నా వాదన. రాత్రి తొమ్మిది దాటితే ఆ ఊళ్లో చేసేదేం ఉండదు, పైగా రోజూ సిటీకి రానూపోనూ రైలు ఖర్చని బావ వాదన. మోంపార్నాస్ వైపు మంచి హోటళ్లున్నాయి, మా బడ్జెట్‌కి అందలేదు. చివరికి స్టేషన్ దగ్గరే, శ్రీలంక తమిళుల పేట లా షపెల్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత హోటల్ తీసుకున్నాం.

హోటల్ పేరు చెప్పను. గది నాలుగో అంతస్తులో. లిఫ్ట్‌లో నేనూ నా సూట్‌కేసూ పడితే బావ మెట్లెక్కాలి. ఆగస్టు నెలలో ఏసీ లేదు. ఫ్యాన్ అడిగితే రిసెప్షన్ పెద్దమనిషి కిటికీ వైపు చూపించాడు. కిటికీ తెరిస్తే కింద బార్ గోల, మూస్తే ఉక్కపోత. బాత్రూంలో ఎలాగూ పేపరే, మనవాళ్లు ఒక చిన్న మగ్గు సూట్‌కేసులో పడేసుకోవడం ఉత్తమం. ఇంతకీ ఎక్కువ బాధపెట్టింది అది కాదు, ధర. ఒలింపిక్స్‌కు గదులు దొరకవన్న భయంతో ఫిబ్రవరిలోనే, డబ్బు తిరిగి రాని పద్ధతిలో బుక్ చేశాం. తీరా ఆటలు దగ్గరపడేసరికి చాలా హోటళ్లు రేట్లు దించేశాయి. పక్క వీధిలో ఏసీ గది మా గది కంటే చవగ్గా కనిపించింది. ఇలాంటి ఈవెంట్‌కు వెళ్లేవాళ్లు క్యాన్సిల్ చేసుకోగలిగే గది ముందు పట్టుకుని, నెల ముందు మళ్లీ వెతకండి.

ఆ హోటల్‌ని క్షమించింది లా షపెల్ వల్లే. గార్ దు నార్ స్టేషన్ వెనక వీధుల్లోకి వెళ్తే పారిస్ కాస్తా జాఫ్నా అయిపోతుంది. తమిళ బోర్డులు, కరివేపాకు కట్టలు, చీరల కొట్లు, పెనం మీద రొట్టెల్ని ముక్కలుగా కొట్టి చేసే కొత్తు రొట్టి ఇనప చప్పుడు. ర్యూ పజోల్‌లో మాణిక్క వినాయకుడి గుడి కూడా ఉంది. రాత్రి దోసె, సాంబారు తిన్నాం. సాంబారు కొంచెం తియ్యగా అనిపించింది కానీ, జర్మనీలో మూడేళ్లుగా ఉంటున్న బావ రెండో దోసె చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు కూడా.

ఇక అసలు విషయం. ఎక్కడ నిలబడాలి? మ్యాప్ చూస్తేనే ఈ కోర్సు మామూలుది కాదని తెలిసిపోతుంది. పారిస్ నగరసభ భవనం ఓటెల్ ద వీల్ ముందు మొదలై, ఒపేరా, లూవ్ర్, కాంకోర్డ్ మీదుగా పడమటికి పోయి, సగం దూరానికి వెర్సాయ్ చేరి, అక్కణ్ణుంచి అడవి మిట్టల మీదుగా తిరిగొచ్చి లెజాంవలీద్ బంగారు గోపురం ముందు ముగుస్తుంది. 1789 అక్టోబరు 5న రొట్టె దొరక్క కడుపు మండిన పారిస్ ఆడవాళ్లు ఇదే ఓటెల్ ద వీల్ నుంచి వానలో వెర్సాయ్‌కి నడిచి వెళ్లి, మర్నాడు రాజుని వెంటబెట్టుకు వచ్చారు. ఆ నడకకు గుర్తుగా వేసిన దారి ఇది. ఒలింపిక్ మారథాన్లంటే చాలావరకు చదును దారులే. ఇందులో మాత్రం మొత్తం ఎక్కుడు 436 మీటర్లు, ఒకచోట వాలు 13.5 శాతం. మన హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లని తిట్టుకుంటూ ఎక్కే నాకు ఆ అంకె చూడగానే పిక్కలు పట్టేసినట్టయింది.

ఆ 13.5 శాతం వాలు షావీల్, మ్యూడన్ ఊళ్ల మధ్య ఉన్న పావే దే గార్ద్ మిట్ట మీద, దాదాపు 28, 29 కిలోమీటర్ల దగ్గర. చదునులో వాళ్లు కిలోమీటరుకు మూడు నిమిషాల లెక్కన పోతారు, అంటే మన కళ్లు తిప్పేలోగా మాయం. మిట్ట మీదైతే కాస్త నెమ్మదిస్తారు, ముఖాలు కనిపిస్తాయి. పందెం తేలేదీ అక్కడే. ఫినిష్ దగ్గర స్టాండులో కూర్చుంటే స్క్రీన్ మీద రెండు గంటలు టీవీ చూసి, చివర్లో ఒక మనిషి రావడం చూస్తారు. బావ మాత్రం ఈఫిల్ టవర్ వెనక కనిపించే చోట ఫొటోలు బాగా వస్తాయన్నాడు. ఈఫిల్ టవర్ రేపూ ఉంటుందన్నాను.

రవాణా లెక్క కూడా చెబుతాను. అప్పటిదాకా 2.15 యూరోలున్న మెట్రో టికెట్‌ని ఆటల రోజుల్లో 4 యూరోలు చేశారు, శివార్ల రైలు 6 యూరోలు. ఒకరోజు పాస్ 16 యూరోలు. షావీల్ రానూపోనూ 12, సాయంత్రం సిటీలో రెండు మెట్రోలు 8, మొత్తం 20. అందుకని మాకు పాసే నయమైంది. గార్ ద లెస్ట్ నుంచి మోంపార్నాస్‌కు 4వ నంబరు మెట్రో నేరుగా వెళ్తుంది, డ్రైవర్ ఉండడు, ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం సినిమాలా కనిపిస్తుంది. మోంపార్నాస్‌లో ఎన్ లైన్ రైలెక్కి షావీల్ రీవ్ గోష్‌లో దిగాం. వెర్సాయ్ వైపు వెళ్లే ఇంకో శివార్ల రైలు ఆర్‌ఈఆర్ సి ఆరోజు కిక్కిరిసిపోయిందని తర్వాత విన్నాం. వెర్సాయ్‌లో అదే రోజు ఐదు ఆటల పోటీ మోడర్న్ పెంటాథ్లాన్ కూడా ఉంది మరి.

ఏడున్నరకల్లా మిట్ట సగానికి చేరాం. స్టేషన్ దగ్గర బేకరీలో అప్పుడే తీసిన క్రోసాలు నాలుగు కొన్నాం. కాగితం సంచి అడుగంతా వెన్న మరక. స్థానికులు మడత కుర్చీలు, ఆవుమెడ గంటలు, పిల్లల్ని వేసుకొచ్చారు. వాలంటీర్లు ఓపిగ్గా ఉన్నారు, మా ఇంగ్లిష్‌ని వాళ్ల ఇంగ్లిష్‌తో సర్దుకున్నారు. ఒక్క పొరపాటు మాదే. ఎండ తగలకుండా చెట్ల నీడ ఉన్న వైపు నిలబడ్డాం, టాయిలెట్లు అవతలి వైపు. బారికేడ్లు మూశాక రోడ్డు దాటనివ్వరు. బావ రెండు గంటలు పడ్డ టెన్షన్ ఏ రన్నరూ పడి ఉండడు. పారిస్ నగరంలోనైతే వీధుల్లో ఉచిత టాయిలెట్లున్నాయి, తాగునీటికి ఆకుపచ్చ ఇనప ఫౌంటెన్లున్నాయి. శివార్లలో అవేం ఆశించొద్దు, నీళ్లు మోసుకెళ్లండి.

తొమ్మిదిన్నరకు కాస్త ముందు కింద నుంచి మోటార్‌సైకిళ్లు వచ్చాయి. జనం "అలే! అలే!" అని అరవడం మొదలుపెట్టారు. ముందుగా వినిపించింది బూట్ల చప్పుడు. దళసరి సోళ్లు తారు మీద పడుతూ, బోలు డబ్బా మీద వేళ్లతో కొట్టినట్టు. మిట్టలో కూడా ఆ లయ తప్పలేదు. ఛాతీ మీది బిబ్ చీటీలో 'టోలా' అని చదవగలిగాను. తర్వాత ఊపిరి వినపడింది, అంత దగ్గరగా. మెడ నరం తేలి ఉంది, చెమట గడ్డం మీంచి కారుతోంది, నోరు కొద్దిగా తెరిచి ఉంది, కళ్లు మాత్రం రోడ్డు మీద పది అడుగుల దూరంలో పాతేసినట్టున్నాయి. నా ముందు నుంచి దాటడానికి మహా అయితే మూడు సెకన్లు. సరిగ్గా ఈ మిట్టల మీదే అతను గుంపు నుంచి విడిపోయాడు. చివరిదాకా మళ్లీ ఎవరికీ అందలేదు.

తమిరాత్ టోలా అసలు మొదట ఆ పందెం జాబితాలోనే లేడు. ఇథియోపియా జట్టులో రిజర్వు. ఆ ఏడాది బోస్టన్ మారథాన్ గెలిచిన సిసాయ్ లెమ్మాకు గాయమైతే, పోటీకి సుమారు రెండు వారాల ముందు టోలాకు పిలుపొచ్చింది. వచ్చి 2:06:26తో ఒలింపిక్ రికార్డు కొట్టాడు. 2008 బీజింగ్‌లో శామ్యూల్ వంజీరు పెట్టిన 2:06:32 పోయింది, అదీ ఇంత మిట్టల దారిలో. సిడ్నీ 2000 తర్వాత ఇథియోపియా మగవాళ్లకు ఇదే మొదటి మారథాన్ స్వర్ణం. సోమాలియాలో పుట్టి బెల్జియం తరఫున పరిగెత్తే బషీర్ అబ్దికి 21 సెకన్ల తేడాతో రజతం, కెన్యా బెన్సన్ కిప్రుటోకి 2:07:00తో కాంస్యం.

నేను ఎదురుచూసింది మాత్రం కెన్యా దిగ్గజం కిప్‌చోగె కోసం. 2016, 2021ల్లో ఒలింపిక్ మారథాన్ గెలిచి మూడోది కొడతాడని. ముందువాళ్లు పోయాక చాలాసేపటికి, వెనకబడ్డ వాళ్లలో వచ్చాడు. పరిగెత్తుతున్నాడు కానీ ఆ పరుగు అతనిది కాదు. మామూలుగా నేను రోజూ చూసే పరుగు, మా పార్కులో జనం పరిగెత్తే పరుగు. అరుస్తున్న జనం ఒక్క క్షణం తగ్గి, మళ్లీ రెట్టింపు అరిచారు. పక్కనున్న ముసలాయన టోపీ తీశాడు. కాసేపటికి ఫోన్‌లో వార్త, 31 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడని, చొక్కా, సాక్సులు అభిమానులకు ఇచ్చేశాడని. బావ నా వైపు తిరిగి, "ఇంకో రెండు కిలోమీటర్లు పైన నిలబడి ఉంటే సాక్సులు మనకొచ్చేవేమో" అన్నాడు. నవ్వలేకపోయాను. ఇంకో మహానుభావుడు, ఇథియోపియా బెకెలె 39వ స్థానంలో ముగించాడు.

మనవాళ్లు? ఎవరూ లేరు. పారిస్ మారథాన్‌కు భారత్ నుంచి ఒక్కరూ అర్హత సాధించలేదు. మాంట్రియల్ 1976లో శివ్‌నాథ్ సింగ్ 11వ స్థానంలో వచ్చాడు. 2016 రియోలో గోపి 25, ఖేతారాం 26, ఇద్దరికీ తేడా ఒక్క సెకను. జెండా సంచిలో తీసుకెళ్లాను, సంచిలోనే ఉండిపోయింది. విశాఖ జ్యోతి యర్రాజీ హర్డిల్స్ అప్పటికే అయిపోయాయి.

చాలామంది టోలా దాటగానే కుర్చీలు మడిచేశారు. తప్పు. అసలు సరదా తర్వాతే ఉంది. వెనకొచ్చేవాళ్లు మనల్ని చూస్తారు, చేయి ఎత్తితే చేయి ఎత్తుతారు. అందరికంటే చివర మంగోలియాకు చెందిన సెర్-ఓద్ బాట్-ఓచిర్. 42 ఏళ్లు, ఆరో ఒలింపిక్స్. మిట్ట మీద మిగిలిన కొద్దిమందీ పేరు పలకడం రాక, "మంగోలీ! మంగోలీ!" అని అరిచారు. 2:42 దాటి ఫినిష్ చేశాడు. నా జన్మలో నేను పరిగెత్తలేని టైం అది, అక్కడది ఆఖరు.

రోడ్డు తెరిచాక నాకు బుద్ధి ఆగలేదు. బావ చేతికి సంచి ఇచ్చి ఆ వాలు మీద పరిగెత్తాను. వాచీ పెట్టుకుని మరీ. మూడు వందల మీటర్లు. ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాను. వెన్న క్రోసాలు రెండు తిన్న ప్రభావమని బావతో చెప్పాను.

మధ్యాహ్నం నిద్ర. ఉక్కలో అది నిద్ర కాదు, ఉడకడం. రాత్రి 9కి ఓటెల్ ద వీల్ నుంచే మామూలు జనాల మారథాన్. ఒలింపిక్స్ చరిత్రలో ఆటల మధ్యలో అదే కోర్సు మీద సామాన్యుల్ని పరిగెత్తనివ్వడం ఇదే మొదలు, 2024 గుర్తుగా 20,024 మందికి అవకాశం. వేషాలు వేసుకున్నవాళ్లు, భుజాల మీద జెండాలు కప్పుకున్నవాళ్లు, ముందే ఏడుస్తున్నవాళ్లు. పది గంటలకు ట్యూలరీ తోట మీద ఒలింపిక్ జ్యోతి ఉన్న బెలూన్ లేచింది. దగ్గరికి వెళ్లడానికి ముందే స్లాట్ తీసుకోవాల్సి ఉండేది, కానీ నది ఒడ్డు నుంచి చూస్తే చాలదా? చాలు. పొద్దున పందెం మాత్రమే చూసి వెళ్లిపోయినవాళ్లు సగమే చూసినట్టు, ఈ రాత్రి పరుగూ తప్పకుండా చూడాల్సింది.

మేం చేసిన పెద్ద తప్పు ఆదివారం ఉదయానికే రైలు బుక్ చేసుకోవడం. ఆడవాళ్ల మారథాన్ అదే దారిలో, ఆదివారం ఉదయం 8కే. 5,000, 10,000 మీటర్లు పరిగెత్తి రెండు కాంస్యాలు తీసుకున్న నెదర్లాండ్స్ రన్నర్ సిఫాన్ హసన్ చివర్లో మూడు సెకన్ల తేడాతో గెలిచింది. రైల్లో, జర్మనీ సరిహద్దు దగ్గర సిగ్నల్ పోతూ వస్తూ ఉన్న ఫోన్‌లో చూశాం.

శనివారం రాత్రి మాత్రం ఒంటిగంటన్నరకు 4వ నంబరు మెట్రోలో తిరిగొస్తుంటే, మెడలో పతకంతో ఒకమ్మాయి ఎదురుగా కూర్చుంది. బూటు విప్పి బొటనవేలు చూసుకుంది, గోరు నల్లబడింది. మా మెడల్లో ఏం లేకపోవడం చూసి, ఇంగ్లిష్‌లో "మీరూ పరిగెత్తారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా బావ నన్ను చూపించి, "ఈయన పరిగెత్తాడు, మూడు వందల మీటర్లు" అన్నాడు.