రెండేళ్లు 737 యాడ్-ఆన్ నడిపాక: ఫ్యూయల్ సంగతి

కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) లోకి డబ్బులిచ్చి కొన్న బోయింగ్ 737-800 యాడ్-ఆన్, అంటే విడిగా కొని వేసుకునే విమానం, ఇది, చేసినోళ్ల పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. కొని రెండేళ్లు దాటింది, విజయనగరంలో మా మేడ మీద గదిలో రాత్రి షాపు కట్టీసి వచ్చాక ఎగరేస్తుంటాను, ఎక్కువగా వైజాగ్ నుంచే. కాక్‌పిట్ ఎంత అందంగా ఉందో, రివెట్లు లెక్కపెట్టొచ్చో లేదో వీడియోలు చేసేవాళ్లు చెప్తారు, నేను ఫ్యూయల్ ఒక్కటే చెప్తాను.

అంతకుముందు సిమ్‌తో పాటు వచ్చే సెస్నా 172 అనే చిన్న విమానంతోనే కాలక్షేపం. అన్‌లిమిటెడ్ ఫ్యూయల్ ఆన్ చేసీసి భీమిలి, కోనాడ, కళింగపట్నం అలా ఒడ్డు పట్టుకుని భువనేశ్వర్ దాకా పోయేవాణ్ణి, నాగావళి సముద్రంలో కలిసే చోట రెండు చక్కర్లు కూడా కొట్టేవాణ్ణి, అడిగేవాడెవడు.

737కి వచ్చాక ఆ ఆప్షన్ తీసీసాను. రెక్కల్లో రెండు ట్యాంకులు, ఒక్కోటి 3,900 కేజీల దాకా పడుతుంది, మధ్య ట్యాంకు ఒక్కటే 13,000 పైన. మధ్య పంపులకి ప్రెషర్ ఎక్కువ, అంచేత అన్ని పంపులూ ఆన్‌లో ఉంటే ముందు మధ్యదే ఖాళీ అవుద్ది, అయ్యాక పైన ప్యానెల్ మీద లో ప్రెషర్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు ఆ రెండు స్విచ్‌లూ కట్టాలి. హైదరాబాద్‌కైతే నాకు ఆరు టన్నులు సరిపోద్ది, రెక్కల్లోనే పట్టేస్తుంది కాబట్టి మధ్య పంపుల జోలికే పోను. ఇవన్నీ ఈ యాడ్-ఆన్‌లో నిజంగా పనిచేస్తాయి, ఉత్తుత్తి బొమ్మ స్విచ్‌లు కావు.

అయితే ఒక రాత్రి ఢిల్లీ పెట్టుకున్నాను. సింబ్రీఫ్ అని ఫ్లైట్ ప్లాన్ వేసిపెట్టే సైట్‌లో ప్లాన్ తీస్తే బ్లాక్ ఫ్యూయల్, అంటే బయల్దేరే ముందు ఎక్కించాల్సిన మొత్తం, 8,500 కేజీలు వచ్చింది, అదే అంకె కాక్‌పిట్‌లోని ట్యాబ్లెట్‌లో కొట్టి, గేజ్‌లో మొత్తం ఎనిమిదిన్నర కనిపించగానే ఇంజిన్లు స్టార్ట్ చేసీసాను. అంతకుముందే అప్‌డేట్ ఒకటి పడి యూనిట్లు పౌండ్లకి మారిపోయాయి, నేను చూసుకోలేదు. అంటే ఉన్నది 3,850 కేజీలు! విమానంలోని కంప్యూటర్ పాపం చెప్పింది, ఇన్సఫీషియంట్ ఫ్యూయల్ (ఫ్యూయల్ చాలదు) అని మెసేజ్ ఇచ్చింది, రూట్ సరిగ్గా ఎక్కలేదేమోలే అనుకుని క్లియర్ కొట్టి కిందకి భోజనానికి పోయాను. తిరిగొచ్చేసరికి రాయపూర్ దగ్గర, గేజ్ మీద "LOW" (తక్కువ) అని రెండు ట్యాంకులకీ వెలుగుతోంది, ఒక్కో రెక్కలో 2,000 పౌండ్ల కన్నా తగ్గితే అది వస్తుంది. ఢిల్లీ ఇంకా సగం పైన దూరం. చెమట పట్టింది నిజంగానే, రాయపూర్‌లో దించీసాను.

మా నాన్న అప్పుడే పైకొచ్చి "ఏట్రా, అందులో పెట్రోలు కూడా అయిపోద్దేటి?" అన్నారు. పెట్రోలు కాదు నాన్నా, ఒకలాంటి కిరసనాయిలే అన్నాను. "కిరసనాయిలైతే లీటర్ల లెక్క గదా, కేజీలేటి?" రేషన్ షాపు క్యూలో డబ్బా పట్టుకు నిలబడిన మనిషి, అడగరా మరి. ఎండకి నూనె వ్యాకోచిస్తుంది, లీటరు బరువు మారిపోద్ది, ఇంజిన్‌కి కావలసింది బరువు లెక్కే అని చెప్తే కాసేపు ఆలోచించి "ఐతే కాటా పెట్టాల" అనీసి దిగిపోయారు. ఇదేదో నా ఒక్కడి తెలివితక్కువతనం కాదులెండి, 1983 జులై 23న ఎయిర్ కెనడా 767కి నిజంగానే ఇదే జరిగింది, లీటరుకి 0.8 కేజీల చొప్పున లెక్కకట్టాల్సింది పౌండ్ల అంకె 1.77 వాడారు, గాల్లోనే రెండు ఇంజిన్లూ ఆగిపోతే గ్లైడర్‌లా గిమ్లీ అనే చోట దించారు. మనుషులందరూ బతికారు.

ఇక తిట్లు. క్రాస్‌ఫీడ్, అంటే ఒక వైపు ట్యాంకు నుంచి అవతలి ఇంజిన్‌కి కూడా ఫ్యూయల్ పంపే ఏర్పాటు, బాగుంది, ఒక ఇంజిన్ ఆపి నడిపితే రెండు రెక్కల మధ్య తేడా 453 కేజీలు దాటగానే ఇంబాలెన్స్ (బరువు తేడా) అని చూపిస్తుంది, వాల్వ్ తెరిచి తక్కువున్న వైపు పంపులు కట్టి సరిచేసుకోవచ్చు, ఆ సరదా కోసమే ఇంజిన్ ఆపుతుంటాను అప్పుడప్పుడు. కానీ సేవ్ చేసిన ఫ్లైట్ మళ్లీ తెరిస్తే ఫ్యూయల్ వేరేలా ఉంటుంది, నాలుగు టన్నులతో వదిలితే ఒకసారి ఏడు టన్నులతో తెరుచుకుంది. మాకు కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలే ఆగుద్ది, ఆ పది నిమిషాల్లో సేవ్ చేసుకుని రేపు చూసుకుందాం అంటే కుదరదు, మొత్తం మళ్లీ ట్యాబ్లెట్‌లో ఎక్కించుకోవాలి. రెండేళ్లయినా ఇది బాగుచెయ్యలేదు.

పంపులూ వాల్వ్‌లూ ఈ గోలంతా వద్దనుకుంటే ఫ్లైబైవైర్ అనే టీమ్ వాళ్లు చేసిన ఎయిర్‌బస్ ఎ320 యాడ్-ఆన్ ఫ్రీగా దొరుకుద్ది, ఎయిర్‌బస్‌లో ట్యాంకుల మధ్య మార్పిడి చాలావరకు దానంతటదే చేసుకుంటుంది. నేనైతే 737 వదల్లేదు, స్టార్ట్ చేసే ముందు యూనిట్లు చూసుకోమని మానిటర్ పక్కన చీటీ అంటించుకున్నాను, అంతే. కొనాలనుకుంటే సేల్ పెట్టినప్పుడు కొనుక్కోండి, పూర్తి రేటు పెట్టి కొన్నాను నేను, ఆ బాధ ఇంకా ఉంది.