బ్రోమిన్ సీసాకి సెలవిచ్చిన పొడి

బ్రోమిన్ సీసా మూత తీయాలంటే, ఆవిరిని బయటికి లాగే హుడ్‌లో అయినా సరే, నాకు టెన్షనే. అందుకే ఈసారి థైమాల్ అనే పదార్థానికి బ్రోమిన్ చేర్చడానికి వనేడియం క్లోరోపెరాక్సిడేజ్ పొడి తెప్పించాను. కర్వులేరియా ఇనీక్వాలిస్ అనే బూజు నుంచి వచ్చిన ఎంజైము ఇది. పేరులో క్లోరో ఉన్నా బ్రోమైడ్‌తోనూ చక్కగా పనిచేస్తుంది. పొటాషియం బ్రోమైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అందిస్తే బ్రోమిన్ చేర్చే హైపోబ్రోమస్ ఆమ్లం తయారుచేసి వదులుతుంది. బ్రోమిన్ ద్రవం వాడితే అందులో సగం హైడ్రోజన్ బ్రోమైడ్‌గా పోతుంది, దాని బదులు ఎన్‌బీఎస్ (ఎన్-బ్రోమోసక్సినిమైడ్) వాడితే సక్సినిమైడ్ వ్యర్థంగా మిగులుతుంది. ఇక్కడ పెరాక్సైడ్ నుంచి మిగిలేది నీళ్లే.

అయినా మొదటి రెండు రోజులూ వృథా. సీసాతో వచ్చిన కాగితంలో “తగిన బఫర్ వాడండి” అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అలవాటు కొద్దీ ఫాస్ఫేట్ కలిపాను. పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద థైమాల్ మచ్చ ఎప్పటిలాగే ఉంది, అంటే చర్యే జరగలేదు. తప్పు తర్వాత తట్టింది: ఫాస్ఫేట్, ఈ ఎంజైముకి కావాల్సిన వనడేట్ (వనేడియం, ఆక్సిజన్ కలిసిన అయాన్) చూడ్డానికి కవలలు. వనడేట్ కూర్చోవాల్సిన పీట మీద ఫాస్ఫేట్ వచ్చి కూర్చుంటుంది! పీహెచ్ 5 సిట్రేట్‌కి మారి, చిటికెడు సోడియం ఆర్థోవనడేట్ వేశాను. ఎంజైము పనిని కొలిచే మోనోక్లోరోడైమెడోన్ పరీక్షలో 290 నానోమీటర్ల దగ్గర రీడింగు గబగబా పడిపోయింది, అంటే ఎంజైము పనిచేస్తోంది. ప్రాణం లేచొచ్చింది. ఆ రెండు మాటలూ కాగితం మీద వేయడానికి వాళ్లకేం నొప్పి?

పెరాక్సైడ్‌ని ఒక్కసారిగా పోసినా, హీమ్ (ఇనుమున్న భాగం) ఉన్న క్లోరోపెరాక్సిడేజ్‌లా ఇది వెంటనే చచ్చిపోదు. కానీ తయారైన హైపోబ్రోమస్ ఆమ్లాన్ని ఆ పెరాక్సైడే తినేస్తుంది, బుడగలు తప్ప ఏం మిగలదు. సిరంజి పంపు పెట్టి రాత్రంతా నెమ్మదిగా ఎక్కించాను. పొద్దున్నకి థైమాల్ దాదాపు అయిపోయింది. ఎక్కువగా వచ్చింది హైడ్రాక్సిల్‌కి పారా (ఎదురు) స్థానంలో బ్రోమిన్ చేరినదే, కాస్త ఆర్థో (పక్క స్థానంలో చేరినది) కూడా ఉంది.

ఎంజైము కదా అని, కోరిన కార్బన్ మీదే హాలోజన్ పెడుతుందని ఆశపడకండి. అసలు పని ఎంజైము బయట జరుగుతుంది. ట్రిప్టోఫాన్ ఏడో స్థానం లాంటి గురి కావాలంటే రెబ్‌హెచ్ అనే మరో ఎంజైము దగ్గరికి వెళ్లాలి. దానికి ఎఫ్‌ఏడీ, ఎన్‌ఏడీహెచ్, ఫ్లావిన్ రిడక్టేజ్ అంటూ సహాయకుల పెళ్లివారంత పరివారం.

డబ్బా మీద “నూరు శాతం గ్రీన్” అని రాసుకున్నారు. థైమాల్ నీళ్లలో సరిగా కరగదని అసిటోనైట్రైల్ పోసింది నేను. చివర్లో ఇథైల్ అసిటేట్‌తో తీస్తుంటే ప్రోటీన్ వల్ల మధ్యలో నురగ పొర కట్టి, సెపరేటింగ్ ఫన్నెల్ ముందు అరగంట నిలబడ్డదీ నేనే. ఈ పొడికి నా మార్కులు అయిదుకి మూడున్నర. రెండో సీసా మాత్రం ఆర్డర్ పెట్టేశాను.