వీడియో కాల్‌లో బరువు వైద్యం: అమలాపురం నుంచి ఆరు నెలల అనుభవం

అమలాపురం నుంచి హార్మోన్ల వైద్య నిపుణులకు చూపించుకోవాలంటే బడికి సెలవు పెట్టి కాకినాడకో రాజమహేంద్రవరానికో వెళ్లి, టోకెను పట్టుకుని సాయంత్రం దాకా కూర్చోవాలి. అందుకే సంక్రాంతి వెళ్లిన వారంలో, వీడియో కాల్ ద్వారా వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించే ఒక సేవలో చేరాను. అప్పటికి నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క, బీఎంఐ, 33 దాటింది. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తారని అప్పుడే తెలిసింది.

మొదటి కాల్ నలభై నిమిషాలు సాగింది. ఇంజెక్షను మాట ఎత్తకముందే డాక్టరుగారు మా ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా క్లోమం వాచిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయా అని అడిగి, గత మూడు నెలల రక్తంలో చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మా ఊరి ల్యాబులోనే చేయించి పంపమన్నారు. ఆ రిపోర్టులు చూశాకే వారానికొకసారి తీసుకునే మౌంజారో అనే బరువు తగ్గించే ఇంజెక్షను రాశారు. చీటీ మీద ఆవిడ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అది ఉండి తీరాలి. లేని చీటీతో మందు కొనవద్దు.

రెండో కాల్‌లో నా మధ్యాహ్న భోజనం చూపించమన్నారు. పళ్లేన్ని కెమెరా ముందుకు ఎత్తాను. "అన్నం తప్ప నాకేమీ కనబడటం లేదమ్మా" అన్నారు. నిజమే, ముద్దపప్పూ ఆవకాయా ఆ అన్నం వెనక ఎక్కడో ఉన్నాయి. బరువుతో పాటు కండ కూడా కరిగిపోతుందని, అది నిలవాలంటే పూటపూటా మాంసకృత్తులు ఉండాలని చెప్పి, డబ్బా పొడుల జోలికి పోకుండా మన గోదారి చేపలు, గుడ్లు, పెసలు, పెరుగుతోనే పట్టిక రాసిచ్చారు.

మొదటి నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, తర్వాత 5. మూడో నెలలో బరువు కదలక, మోతాదు పెంచమని నేనే పట్టుబట్టాను. మందు వల్ల నాకు వస్తున్న వాంతులు తగ్గేవరకు పెంచేది లేదని ఆవిడ ఖరాఖండిగా చెప్పారు. నేను ఫీజు కట్టింది ఆ ఒక్క మాటకేనని ఇప్పుడనిపిస్తోంది.

మందు చేరవేత మాత్రం బాగాలేదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, బయటైతే 30 డిగ్రీలు దాటకుండా 21 రోజుల వరకే ఉంచాల్సిన సీసాలు, మే నెల ఎండలో రెండు రోజులు తిరిగి మా గుమ్మానికి చేరాయి. పెట్టె తెరిస్తే ఐసు ప్యాకెట్టు గోరువెచ్చని నీళ్ల సంచిలా చేతికి తగిలింది. వాడవద్దని డాక్టరుగారు వెంటనే చెప్పినా, డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటినుంచి చీటీ మాత్రమే వారి దగ్గర తీసుకుని, మందు మా ఊరి దుకాణంలో ఫ్రిజ్ చూసి కొంటున్నాను.

ఖర్చు తక్కువేమీ కాదు. 2025లో మన దేశంలో విడుదలైనప్పుడు 5 మిల్లీగ్రాముల సీసా ధర 4,375 రూపాయలు. నెలకు నాలుగు కావాలి. సంప్రదింపుల రుసుము వేరు.

ఇప్పుడు నా బరువు 73 కిలోలు. మందు ఆపితే చాలామందికి బరువు తిరిగి వస్తుందని మొదటి రోజే చెప్పిన డాక్టరుగారు, ఎప్పుడు ఆపాలి, ఆపేముందు ఏయే అలవాట్లు స్థిరపడాలి అన్నది ప్రతి కాల్‌లోనూ నాతో చర్చిస్తూనే ఉన్నారు.